ఇచ్చట రోగాల పేర్లు మార్చబడును

కోనసీమలో మనిషి పోతే ఒక లెక్క ఉంది. పదకొండో రోజు పెద్దకర్మ. ఆపైన నెలనెలా మాసికం. ఏడాది తిరిగాక సంవత్సరీకం. అప్పటిదాకా ఆ ఇంట పెళ్లి లేదు, పండగ లేదు, గుమ్మానికి మామిడాకు లేదు. ఆ ఇల్లాలు ఏడిస్తే ‘ఏడవనీండి పాపం’ అంటారు. డాక్టర్ని ఎవరూ పిలవరు.

అమెరికా వాళ్లకీ ఒక లెక్క ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ అచ్చేసే డీఎస్‌ఎమ్ అనే లావుపాటి పుస్తకంలో ఉంటుంది. మనసుకొచ్చే ప్రతి జబ్బుకూ అందులో పేరు, కొలత, గడువు. 1994 కూర్పు ప్రకారం అయినవాళ్లు పోయిన రెండు నెలల వరకూ దిగులుగా ఉంటే మామూలుగా అది శోకమే, రోగం కాదు. 2013లో కొత్త కూర్పు వచ్చింది. ఆ మినహాయింపు ఎగిరిపోయింది. నిద్రపట్టక, తిండి సహించక, దేనిమీదా మనసు నిలవక రెండు వారాలు గడిస్తే చాలు, డిప్రెషన్ అని రాయడానికి అడ్డే లేదు. లెక్కేసుకోండి. పదకొండో రోజు పెద్దకర్మ. పద్నాలుగో రోజు డిప్రెషన్. మధ్యలో మూడే మూడు రోజులు. వంటవాళ్ల బాకీ తీరకముందే రోగం ఖాయం!

అక్కడితో ఆగారా? ఆగితే మేధావులు ఎందుకవుతారు? 2022 మార్చిలో మళ్లీ సవరించారు. ‘ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్’ అని సరికొత్త జబ్బు చేర్చారు. ఏడాది దాటినా దుఃఖం వదలకపోతే అదన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు వేరే పుస్తకం ఉంది. ఐసీడీ-11. 2022 జనవరి 1 నుంచి అమలు. అందులోనూ ఇదే జబ్బు. గడువు మాత్రం ఆరు నెలలు. భర్త పోయిన ఏడో నెలలో ఒకావిడ ఉందనుకోండి. జెనీవాలో ఆవిడ రోగి. వాషింగ్టన్‌లో ఆరోగ్యవంతురాలు. అప్పనపల్లిలో మాసికానికి అరటాకులు కోయించుకుంటున్న ఇల్లాలు. ఆవిడకి మందివ్వాలా, మానాలా? ఏ విమానం ఎక్కిస్తే తేలుతుంది?

ఆయా దేశాల ఆచారాన్ని బట్టి చూసుకోండి అని రెండు పుస్తకాల్లోనూ ఒక ముక్క రాశారు లెండి. ఓపీలో పేషెంటుకు మూడు నిమిషాలు దక్కితే గొప్ప. ఆ ముక్క చదివేదెవరు?

అప్పనపల్లి ఉన్నది మామిడికుదురు మండలంలో. పాశర్లపూడీ ఆ మండలమే. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. నగరం గ్రామమూ ఆ మండలమే. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాసు పైపు పేలింది. 20 మందికి పైగా పోయారు. టీ పెట్టుకుందామని లేచినవాళ్లు, ఇంకా నిద్ర లేవనివాళ్లు. ఇలాంటివి చూసినవాళ్లను వదలని భయానికి పుస్తకంలో పేరు 1980 నుంచీ ఉంది. పీటీఎస్‌డీ. ఐసీడీ-11లో దాని కొలతలు బిగించారు. పక్కన కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని ఒక తోడునూ కూర్చోబెట్టారు. భేష్. జెనీవాలో కొలతలు బిగించేవాళ్లకు కొదవ లేదు. మామిడికుదురులో ఆ టేపు పట్టుకుని కొలిచే మానవుడేడీ? ‘అర్ధరాత్రి గ్యాసు వాసనొచ్చినట్టయ్యి గబుక్కున లేచి కూచుంటానండీ’ అని ఒకావిడ చెప్పుకుంటే మనవాళ్లు ఇచ్చే సమాధానం తెలుసా? ‘గ్యాస్ పట్టుంటుందమ్మా. పరగడుపున ఈ బిళ్ల వేసుకో.’

నవ్వొచ్చిందా? నాకు రాలేదు.

ఇంతకీ ఈ పుస్తకాలు ఎలా తయారవుతాయో తెలుసా? సూక్ష్మదర్శినిలో చూసి అనుకుంటున్నారా? మనోవ్యాధుల్లో చాలావాటికి రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. కమిటీలు కూర్చుని తేలుస్తాయి. ఒక్కోసారి ఓట్లు కూడా వేస్తాయి. 1973 డిసెంబర్‌లో అమెరికన్ సంఘం స్వలింగ ఇష్టాన్ని రోగాల జాబితాలోంచి తీసేసింది. కొందరు సభ్యులు కుదరదన్నారు. 1974లో ఓటింగ్ పెట్టారు. తీసేయడం సరే అన్నవాళ్లు 5,854 మంది. కాదు, రోగమే అన్నవాళ్లు 3,810 మంది. పాలకొల్లులోనో రాజోలులోనో స్థానిక ఎన్నిక ఫలితంలా లేదూ? క్షయ ఉందో లేదో తేల్చడానికి ఎవరైనా చేతులెత్తిస్తారా? తీసేశారు, మంచి పని చేశారు, అందులో నాకు రెండో మాట లేదు. నా గొడవ వేరే. లక్షలాది మందికి మందూ లేకుండా మాకూ లేకుండా రాత్రికి రాత్రే నయమైపోయింది. మరి నిన్నటిదాకా వాళ్లకు కరెంటు షాకులిచ్చినవాళ్లు ఏం సమాధానం చెప్పారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అదే బుద్ధి రావడానికి 1990 మే 17 దాకా పట్టింది. మన సుప్రీంకోర్టు 377 సెక్షన్ కోరలు పీకింది 2018 సెప్టెంబర్ 6న. ‘మీవాణ్ణి మామూలుగా మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్స వృత్తి నేరమని మన జాతీయ వైద్య కమిషన్ చెప్పింది ఎప్పుడయ్యా అంటే 2022లో. పుస్తకంలో చెరిపేసిన 49 ఏళ్లకి! అర్ధశతాబ్దం పాటు లేని రోగానికి ఫీజు పుచ్చుకున్న మహానుభావులు ఎందరో. అందరికీ వందనాలు పెట్టడం నావల్ల కాదు.

పుస్తకం ఏటికేడూ లావెక్కుతోంది. 1952 నాటి తొలి డీఎస్‌ఎమ్ 130 పేజీలు. 2013 నాటిది 947. అరవై ఏళ్లలో మనిషి మనసు ఏడింతలు పాడైపోయిందా? 1994 కూర్పుకు పెద్దగా ఉన్న అలెన్ ఫ్రాన్సిస్ అనే డాక్టరే 2013 కూర్పు మీద విరుచుకుపడ్డాడు. మామూలు కష్టసుఖాలను కూడా రోగాలు చేసేస్తున్నారని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవరు విన్నారు? ఇక 2022 సవరణ సంగతి. అందులో పాల్గొన్న అమెరికా డాక్టర్లు 92 మంది ఖాతాలను కొందరు పరిశోధకులు తవ్వి, 2024 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. 55 మంది చేతికి మందుల, పరికరాల కంపెనీల సొమ్ము చేరింది. మొత్తం కోటీ 40 లక్షల డాలర్ల పైచిలుకు. రోగం పేరు పెట్టేవాడికి మందు అమ్మేవాడు భోజనం పెట్టడం! మన ఊళ్లో బేరం కుదిర్చేవాడు కొనేవాడి దగ్గరా అమ్మేవాడి దగ్గరా కమీషన్ కొడితే కనీసం తిడతాం.

ఇదంతా విని ‘మందులు మానేస్తా’ అని ఎవరైనా బయల్దేరితే మాత్రం మహా తప్పు. రోగాలు నిజం. బాధ నిజం. చాలామందిని మందులే నిలబెడుతున్నాయి. పేర్లు పెట్టేవాళ్ల మీద కోపం బిళ్లల మీద చూపించకండి.

జూదం సంగతి చూద్దాం. వదల్లేని జూదం 1980లోనే డీఎస్‌ఎమ్‌లోకి ఎక్కింది. 2013లో దాన్ని తాగుడు, మత్తుమందుల సరసన వ్యసనాల గదిలోకి మార్చారు. సంక్రాంతికి కోనసీమ బరుల దగ్గర చూడండి. కోడి కాలికి కత్తి. పక్కన గుండాట. చట్టం వద్దంది, హైకోర్టు వద్దంది. అయినా మైకు, ఫ్లడ్‌లైట్లు, షామియానా. ముందు వరసలో సోఫాలు. సోఫాల్లో ఎవరు? మనం ఓటేసి పంపినవారు. వాళ్లకు ఏ డాక్టరైనా జబ్బు కోడ్ రాస్తాడా? రాసి అక్కడే ఉద్యోగం చేస్తాడా? పెద్దవాళ్లు ఆడితే సంప్రదాయం. పాలేరు కుర్రాడు ఫోన్లో ఆడితే వ్యసనం. కోడ్ ఒకటే, సోఫా తేడా.

పేర్లు మార్చడంలో మన సర్కార్లేం తక్కువ తిన్నాయా? వికలాంగులను దివ్యాంగులు చేశారు. వైఎస్సార్ పెన్షన్ కానుక పోయి ఎన్టీఆర్ భరోసా వచ్చింది. 1912 నాటి లూనసీ చట్టం పోయి 1987 చట్టం వచ్చింది. అదీ పోయి 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. చట్టం చూస్తే ముచ్చటేస్తుంది. మూడో సెక్షన్ ఏమంటుందంటే, మనోవ్యాధిని తేల్చేటప్పుడు ఐసీడీ తాజా కూర్పుతో సహా అంగీకృత ప్రమాణాలు పాటించాలట. తాజా! మరి ఆస్పత్రి కాగితాల మీద, బీమా క్లెయిముల మీద ఇంకా తారాడుతున్నది 1990ల నాటి ఐసీడీ-10 కోడ్లే. అప్పనపల్లిలో బాలబాలాజీకి పాత గుడీ ఉంది, కొత్త గుడీ ఉంది. కొత్తది కట్టారని పాత గుళ్లో దీపం ఆపలేదు. మన ఆఫీసులకు పుస్తకాల మీద అదే భక్తి. కాకపోతే అక్కడ ఏ గుడికెళ్లినా దణ్ణం ఫలిస్తుందని నమ్మకం. ఇక్కడ ఏ పుస్తకం పట్టుకెళ్లినా ‘ఇది కాదండీ, రెండోది తెండి’ అంటారు.

అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది. రాజకీయ హోదాను బట్టి గానీ, చుట్టూ ఉన్నవాళ్ల నీతులకు, పద్ధతులకు, రాజకీయాలకు లొంగలేదని గానీ ఎవరికీ మనోవ్యాధి అంటగట్టకూడదట. బంగారంలాంటి మాట. 2020లో ఏం జరిగిందో గుర్తుందా? నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తు డాక్టరు కె. సుధాకర్. కరోనా మొదలైన రోజుల్లో ఎన్‌-95 మాస్కులు లేవని బయటికి అనేశారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో నడిరోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు లాక్కెళ్లడం రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. తాగి గొడవ చేశాడన్నారు. కేజీహెచ్ ఆస్పత్రికి, అక్కణ్ణుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు. కాగితం మీద పేరు పడింది: ‘అక్యూట్ అండ్ ట్రాన్సియెంట్ సైకోసిస్’. ఐసీడీలో ఉన్న పేరే. పాత పుస్తకంలో దాని సరిహద్దులు విశాలం, కొత్తదాంట్లో బాగా కుదించారు. హైకోర్టు కలగజేసుకుని సీబీఐకి అప్పగించింది. ఏడాది తిరిగి 2021 మే 21న ఆయన గుండెపోటుతో పోయారు.

ఆ రోజు ఆయన మనసు ఎలా ఉందో నేను తేల్చను. నేను డాక్టర్ని కాను. అడిగేది ఒక్కటే. మాస్కులు లేవన్న మనిషికి కోడ్ దొరికింది. మాస్కులు ఇవ్వనివాళ్లకు ఏ కోడ్? డాక్టరుకే ఈ మర్యాద జరిగితే, కొబ్బరి దింపు కార్మికుడు సర్పంచ్ మీద అరిస్తే ఏమవుతుంది?

పుస్తకంలో చెరిపేసిన పేరు ఊళ్లో ఎలా బతుకుతుందో చూడాలంటే పెళ్లి సంబంధాలు చూడండి. స్కిజోఫ్రీనియాకు పారనాయిడ్, హెబెఫ్రెనిక్ అంటూ ఉపజాతులుండేవి. డీఎస్‌ఎమ్ 2013లో వాటిని ఎత్తేసింది. ఐసీడీ-11 కూడా ఎత్తేసింది. వాటితో డాక్టరుకీ రోగికీ పెద్దగా ఒరిగేదేమీ లేదని తేలిందట. సంతోషం. ఇరవై ఏళ్ల కిందట ఆ పేరు రాసిన చీటీ మాత్రం అటక మీద ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. సంబంధాల పేరయ్యగారు దాన్ని చూడక్కర్లేదు, వాసన పడితే చాలు. ‘పిల్ల లక్షణంగా ఉందండి. కట్నం గట్రా ఇబ్బంది లేదండి. కాపోతే... వాళ్ల మేనత్తకి ఏదో ఉందటండి, ఆయ్.’ అంతే. సంబంధం గోదాట్లో కలిసింది. ‘ఆ పేరు ఇప్పుడు లేదండీ, జెనీవాలో తీసేశారు’ అని పిల్ల తండ్రి చెప్పుకోవాలా?

కోర్టుల్లోనూ అదే తంతు. హిందూ వివాహ చట్టం 1999 దాకా మూర్ఛను కూడా పెళ్లికి అడ్డంకుల్లో చేర్చి కూర్చుంది. 1995లో కాకినాడలో పెళ్లి చేసుకున్న ఒక డాక్టర్ల జంట కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భార్యకు స్కిజోఫ్రీనియా కాబట్టి విడాకులు కావాలని భర్త. ఆవిడా డాక్టరే, వైద్యం చేస్తున్న మనిషే. 2013 సెప్టెంబర్ 17న సుప్రీంకోర్టు కుదరదంది. రోగం పేరు చూపించినంత మాత్రాన సరిపోదు, కలిసి బతకలేనంత తీవ్రత ఉండాలంది. పెళ్లి నుంచి తీర్పుకు 18 ఏళ్లు. ఈలోపు అటు డీఎస్‌ఎమ్ కూర్పే మారిపోయింది. మన దగ్గర ఒక్క మనిషి ‘నాకు పిచ్చి లేదు’ అని రుజువు చేసుకునేసరికి తల నెరిసింది. డాక్టరమ్మ కాబట్టి ఢిల్లీ దాకా పోరాడింది. మిగతావాళ్లను పుట్టింటికి పంపేసి చేతులు దులుపుకోవడానికి ఏ కోర్టు కావాలి?

బీమా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఒంటి జబ్బుతో సమానంగా మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం 21వ సెక్షన్ చెప్పింది. కంపెనీలు వింటున్నట్టు తలూపాయి. షరతుల కాగితం భూతద్దం పెట్టి చదవండి.

ఇక్కడ ఎంతమందికి ఏ జబ్బుందో సర్కారుకు తెలుసా? నిమ్‌హాన్స్ చేసిన తొలి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో జరిగింది. 12 రాష్ట్రాలు తిరిగారు. ఆంధ్ర లేదు. తెలంగాణ లేదు. మనకు మనసులు లేవనుకున్నారేమో! చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని ఆ సర్వే చెప్పింది. అంటే పుస్తకం పాతదా కొత్తదా అన్న రగడ, డాక్టరు మొహం చూసే భాగ్యం దక్కిన ఆ కాస్తమంది గురించే. మిగతావాళ్లకు తావీదు, తాయెత్తు, ఇంటి వెనక గది, ఆ గదికి బయటి గడియ. అప్పనపల్లి నుంచి విశాఖ పెద్దాసుపత్రికి 200 కిలోమీటర్ల పైమాటే. ఆటో ఎక్కి, అమలాపురంలో బస్సు ఎక్కి, కుదురుగా కూర్చోని మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్లి రండి ఓసారి. ఏసీ గదిలో విధాన పత్రాలు రాసే దొరలకు చెబుతున్నా.

సరే, అన్నీ దాటి డాక్టరును చేరారు. జబ్బు పేరు రాశారు. మందులు మొదలయ్యాయి. ఇప్పుడు సదరం అనే వైకల్య సర్టిఫికెట్ కావాలి. మనోవ్యాధి ఎంత శాతమో కొలవడానికి 2002లో ఐడియాస్ అనే కొలబద్ద వచ్చింది. మొదట్లో నాలుగంటే నాలుగు జబ్బులకే. స్కిజోఫ్రీనియా, బైపోలార్, మతిమరుపు జబ్బు, ఓసీడీ. ఎంత ముదిరినా డిప్రెషన్‌కు అందులో చోటు లేదు. తర్వాత 2016 చట్టం వచ్చి వైకల్యాల రకాలను 7 నుంచి 21 చేసింది. కొలబద్ద మాత్రం అదే. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పనికెళ్లడం. ఒక్కోదానికి 4 మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి ఇంకో 4. వెరసి 20. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ వైకల్యం. 7 వస్తే 40 శాతం, పెన్షనుకు అర్హుడు. 6 వస్తే? సున్నా చుట్టండి.

ఆ ఒక్క మార్కు విలువ నెలకు 6,000 రూపాయలు. 2024 జూలై నుంచి మూడు వేలు ఆరు వేలయింది. ప్రభుత్వం డప్పు కొట్టుకుంది, కొట్టుకోవచ్చు కూడా. మరుసటేడు అదే ప్రభుత్వం దివ్యాంగుల పెన్షన్లను తిరగదోడింది. దొంగ సర్టిఫికెట్లు ఏరేస్తామంది. దొంగలున్నారు, కాదనను. కాలూ చెయ్యీ బాగున్నవాడు కుంటివాడినని రాయించుకున్న సంగతి ఊరూరా తెలుసు. వాడికి ఆ కాగితం రాసిచ్చిందెవరు? సర్కారీ డాక్టరే కదా. ఆయనకు నోటీసు వెళ్లిందా? వెళ్లింది పెన్షనుదారుకి. గొడవ లేచాక, అప్పీలు చేసుకోండి, అప్పటిదాకా ఇస్తాంలే అన్నారు.

మనసు జబ్బువాడి ఖర్మ చూడండి ఇక్కడ. పెన్షను డబ్బుతో మందులు కొంటాడు. మందులు వేసుకుంటే స్నానం చేస్తాడు, పలకరిస్తే పలుకుతాడు, కొబ్బరి పీచు తీసే పనికి వెళ్తాడు. సదరం క్యాంపులో డాక్టరు చూస్తాడు. మనిషి శుభ్రంగా ఉన్నాడు, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. మార్కులు 6. పెన్షను కట్. డబ్బు లేదు కాబట్టి మందు లేదు. మందు లేదు కాబట్టి మళ్లీ వీధిలోకి. అప్పుడు మార్కులు 14 వస్తాయి! ‘క్యాంపుకెళ్లే వారం ముందు నుంచి బిళ్లలు మాన్పించెయ్యమ్మా’ అని తల్లికి సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ సలహా ఇచ్చినవాణ్ణి తిడదామా, ఇవ్వాల్సి వచ్చేలా కొలబద్ద పెట్టినవాళ్లను తిడదామా?

సచివాలయం కౌంటర్ దగ్గర సీన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. తల్లి చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో పదేళ్ల చీటీలు, మడతల దగ్గర చిరిగినవి.

‘జబ్బు పేరేంటి మామ్మా?’

‘ఇదివరకు ఒకటి రాశారు బాబూ. మొన్న అమలాపురం డాక్టరుగారు ఆ పేరు ఇప్పుడు లేదన్నారు.’

‘లేకపోతే పెన్షనెలా వస్తుంది?’

‘పేరు లేదన్నారు బాబూ. జబ్బుంది.’

‘సిస్టమ్‌లో పేరే ఉంటది మామ్మా, జబ్బుండదు. అప్పీలు పెట్టుకోండి. స్లాట్ రావాలి.’

‘ఎప్పుడొస్తది?’

‘సర్వర్ పనిచేస్తే చెబుతా. రేపు రండి. రేపు కాదు, రేపు రెండో శనివారం. సోమారం రండి. అబ్బాయిని కూడా తీసుకురండి. వేలిముద్ర కావాలి.’